స్నాప్‌షాట్ ఉంది కదా అనే ధీమా

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు, నల్లగొండలో దాని ఆఫీసు ఉన్నాయనుకుందాం. రెండు చోట్లా ఇద్దరు గుమస్తాలు. మిల్లు గుమస్తా ప్రతి లోడుకూ వరస నంబరు వేసి పుస్తకంలో రాస్తాడు. సాయంత్రం ఆఫీసాయన ఫోన్ చేసి, "నా దగ్గర 500 దాకా ఎక్కినయ్, 501 నుంచి చెప్పు" అంటాడు. ఒకరోజు మిల్లు పుస్తకం వానకు తడిసింది. ఎవరో దాని పాత జిరాక్స్ తెచ్చిపెట్టారు, అందులో 400 దాకానే ఉన్నాయి. గుమస్తా ఏమీ ఎరగనట్టు 401 నుంచి కొత్త లోడ్లు రాసుకుంటూ పోయాడు. ఆఫీసాయనేమో 501 కోసమే చూస్తున్నాడు. మధ్యలో వంద లోడ్లు ఆఫీసు లెక్కకెక్కవు. రైతు పైసలకు వచ్చి నిలబడేదాకా తేడా ఎవరికీ తెలియదు.

ఆఫీసుల్లో అందరి యూజర్ ఖాతాలు, పాస్‌వర్డ్‌లు చూసుకునేది యాక్టివ్ డైరెక్టరీ సర్వర్. ఇలాంటివి రెండుంటే, ప్రతి మార్పుకూ వరస నంబరు వేసి ఒకదాన్నొకటి అడిగి రాసుకుంటాయి. వర్చువల్ మెషీన్‌లో, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్‌లో, నడిచే అలాంటి సర్వర్‌ను స్నాప్‌షాట్ లాంటి పాత కాపీకి తిప్పితే అచ్చం ఇదే జరుగుతుంది. దీని పేరు యూఎస్ఎన్ రోల్‌బ్యాక్, యూఎస్ఎన్ అంటే ఆ వరస నంబరే. కొత్త యూజర్లకు ఇచ్చే ఐడీ నంబర్లు ఒక్కో సర్వర్ దగ్గర 500 చొప్పున కట్టగా ఉంటాయి. ఆ కట్ట కూడా వెనక్కి పోతుంది కాబట్టి ఒకరికి ఇచ్చిన నంబరే ఇంకొకరికి ఇచ్చే ప్రమాదం ఉంది.

విండోస్ సర్వర్ 2012తో దీనికి విరుగుడు వచ్చింది. స్నాప్‌షాట్‌కు తిప్పగానే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఆ మెషీన్‌కు కొత్త గుర్తు ఇస్తుంది. అది చూసి సర్వర్ తన పుస్తకం పేరు మార్చుకుని, పాత నంబర్ల కట్ట పారేస్తుంది. అవతలి సర్వర్లు దాన్ని కొత్త పుస్తకంగానే చూస్తాయి. బాగానే ఉంది. కానీ ఆ గుర్తు ఉండేది మెషీన్ సెట్టింగుల్లో, దాని డేటా ఉండే డిస్క్ ఫైల్‌లో కాదు. ఒక్క డిస్క్ ఫైలే మారిస్తే కొత్త గుర్తు రాదు.

నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను చూసింది ఆ సందులోంచి వచ్చిన తిప్పలే. ఏప్రిల్ ఎండలకు యూపీఎస్ కొట్టేసింది, సర్వర్ లేవలేదు. అక్కడి కుర్రాడు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్న పాత డిస్క్ ఫైల్‌ను అదే మెషీన్‌కు తగిలించి ఆన్ చేశాడు. లేచింది, అందరికీ మిఠాయి కూడా పెట్టాడు. తెల్లారి ల్యాబ్‌లో సగం మందికి పాస్‌వర్డ్ తప్పంటోంది. లాగ్ తెరిస్తే యూఎస్ఎన్ రోల్‌బ్యాక్ అని చెప్పే 2095 ఈవెంట్, లాగిన్లు చూసే నెట్‌లాగాన్ సర్వీసు పాజ్‌లో ఉంది. కుర్రాణ్ని తప్పుపట్టలేను. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో 2023లో ఐటీ టవర్లు వచ్చాయి గానీ, ఇలాంటి చోట్ల సర్వర్, ప్రింటర్, సీసీ కెమెరా అన్నీ ఒక్కడే చూడాలి.

ఇలాంటప్పుడు రిపేరుకు కూర్చోవడం దండగని నా అభిప్రాయం. రెండో డైరెక్టరీ సర్వర్ బతికి ఉంటే, చెడిన దాన్ని తీసేసి, దాని ఆనవాళ్లు శుభ్రం చేసి, కొత్తది కట్టుకోవడమే మేలు. మేమూ అదే చేశాం. చాయ్‌లతో కలిపి ఒక పూట పట్టింది.

అయితే ఆ రెండోదీ అదే డబ్బాలో ఉంటే? ఆ కాలేజీలో అప్పుడు రెండూ ఒకే హోస్ట్ (వర్చువల్ మెషీన్లు నడిచే అసలు కంప్యూటర్) మీద ఉన్నాయి. హోస్ట్ డిస్కులే పోయుంటే, స్నాప్‌షాట్లూ వాటితోపాటే పోయేవి. అసలు బ్యాకప్ అంటే సిస్టమ్ స్టేట్‌తో (డైరెక్టరీ డేటాబేసు, విండోస్ ముఖ్యమైన సెట్టింగులు కలిపి) తీసి, వేరే చోట పెట్టినది. దానికీ గడువుంది. మామూలుగా 180 రోజులు దాటితే పనికిరాదు, ఎప్పుడో డిలీట్ చేసిన యూజర్లు మళ్లీ లేచి కూర్చుంటారు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు లాగిన్ కూడా అదే డైరెక్టరీలో ఉండే డొమైన్ ఖాతాతో పెట్టుకోవడం ఇంకో సరదా. తాళంచెవి లోపలే పెట్టి తలుపేసుకున్నట్టు. రీస్టోర్ మోడ్ పాస్‌వర్డ్ (డైరెక్టరీ పడిపోతే సర్వర్‌లోకి దిగడానికి విడిగా పెట్టుకునేది) సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పెట్టినాయన హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. సర్వర్ బాగున్నప్పుడైతే ఎన్‌టీడీఎస్‌యుటిల్ అనే విండోస్ టూల్‌తో రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. పడిపోయాక టెన్షనే.

ఆ కాలేజీలో ఇప్పుడు రెండో డైరెక్టరీ సర్వర్ ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఒక పాత డెస్క్‌టాప్ మీద నడుస్తోంది. దుమ్ము పడకుండా పైన తువ్వాలు కప్పారు. వేడెక్కుతుంది తీసేయండి అని రెండుసార్లు చెప్పాను, వినలేదు.