అమ్మమ్మ షిఫ్టు, నానమ్మ షిఫ్టు

అమెరికాలో బాగా డబ్బున్న ఇళ్లలో 'రోటా నానీ' అనే ఏర్పాటు ఒకటుంది. ఒక పిల్లకు ఇద్దరు ఆయాలు. ఒకావిడ రెండు వారాలు ఆ ఇంట్లోనే ఉండి రాత్రింబవళ్లు చూస్తుంది; ఆవిడ సెలవు మీద వెళ్లగానే రెండో ఆవిడ దిగుతుంది. జీతం మాత్రం సెలవు వారాలు కూడా కలిపి ఏడాది పొడుగునా వస్తుంది. ఇది కోటీశ్వరుల వ్యవహారమని లోకం అనుకుంటోంది. డాలస్ శివార్లలో, ఎడిసన్‌లో, బే ఏరియాలో ఇంటి లోను కట్టుకుంటున్న మామూలు తెలుగు సాఫ్ట్‌వేర్ దంపతులు ఇదే ఏర్పాటును ఏళ్ల తరబడి నడుపుతున్న సంగతి ఎవరూ గుర్తించలేదు. ఇక్కడ షిఫ్టు రెండు వారాలు కాదు, ఆరు నెలలు. సిబ్బంది అమ్మమ్మ, నానమ్మ. జీతం దగ్గర మాత్రం ఒక స్వల్ప సవరణ ఉంది.

ఈ రోస్టరు కనిపెట్టిన ఘనత పూర్తిగా మనది కాదు, అమెరికా ప్రభుత్వానికీ వాటా ఉంది. 1993 నాటి కుటుంబ సెలవు చట్టం ప్రకారం బాలింతకు 12 వారాల సెలవు దొరుకుతుంది, జీతం లేకుండా. అదీ కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థలో ఏడాది పని చేసి ఉంటేనే. ఆ పైన జీతమివ్వడం కంపెనీ దయ, కొన్ని రాష్ట్రాల దయ. డేకేర్ వాళ్లు ఆరు వారాల పిల్లను కూడా తీసుకుంటారు గానీ, పెద్ద నగరాల్లో పసిగుడ్డుకు నెలకు రెండు వేల డాలర్లు అడగడం మామూలే. పిల్లకు కాస్త ఒళ్లు వెచ్చబడితే వచ్చి తీసుకుపొమ్మని ఫోను. మరోపక్క, విజిటర్ వీసా మీద దిగిన తల్లిని విమానాశ్రయంలో అధికారి మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తాడు. ఏడాదికి ఆరు నెలలు రెండు, పిల్లకు బామ్మలు ఇద్దరు. ఇంత చక్కగా కుదిరిన లెక్క మన ఇంజనీర్లకు ఆఫీసులో కూడా తగిలి ఉండదు.

నియామక ప్రక్రియ పకడ్బందీగా ఉంటుంది. తొలి కాన్పు పుట్టింట జరగాలి కాబట్టి, పుట్టిల్లే విమానమెక్కి వస్తుంది; మొదటి షిఫ్టు అమ్మమ్మది. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. దరఖాస్తు రుసుము 185 డాలర్లు, అంటే ఉద్యోగం కోసం ఉద్యోగే డబ్బు కడుతుంది. వీసా పదేళ్లకు వస్తుంది, దాన్ని చూసి పెదనాన్నగారు పదేళ్లూ అక్కడే ఉండొచ్చని ఊరంతా చెబుతారు. అసలు నియామక పత్రం ఐ-94, అంటే అమెరికాలో దిగినప్పుడు నమోదయ్యే ప్రవేశ రికార్డు. ఉండాల్సిన ఆఖరి తేదీ అందులో ఉంటుంది, పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద కాదు. దిగిన రోజే వెబ్‌సైటులోంచి దాన్ని ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాలి. ఆ తేదీ దాటి 180 రోజులకు మించి ఉండిపోతే వెళ్లిన తర్వాత మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. ఈ రంగంలో రాతపూర్వకంగా ఉన్న క్రమశిక్షణ చర్య ఇదొక్కటే.

చేరేటప్పుడు సిబ్బంది తమ పనిముట్లు తామే తెచ్చుకోవాలి. చాలా టిక్కెట్ల మీద 23 కిలోల పెట్టెలు రెండు. అందులో ఆవిడ చీరలు ఓ మూలకు సర్దుకుంటాయి. మిగతాది బాలింత పత్యం సామాను: వాము, శొంఠి, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, సున్నిపిండి, అల్లుడికి ఆవకాయ. పచ్చి కరివేపాకు రెబ్బలు తేకూడదు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. పొడి చేసి తేవాలి. ఇంత జాగ్రత్తగా తూకం వేసిన పెట్టెలో ఒక వస్తువుకు చోటు చాలదు: ఆవిడ బీపీ, షుగరు మాత్రలు. రోజుకు రెండు చొప్పున 180 రోజులకు 360, అంటే పది మాత్రల స్ట్రిప్పులు 36. తిరుగు ప్రయాణం వెనక్కి జరిగితే ఉంటాయని ఇంకో నాలుగు. ఇవి చేతి సంచిలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి. చెకిన్ పెట్టెలో వేస్తే, ఆ పెట్టె దోహాలో దిగిపోయిందనుకోండి, ఆవకాయతో పాటు బీపీ కూడా దోహాలో ఉంటుంది.

ఇక పని గంటలు. న్యూయార్క్ రాష్ట్రం 2010లో ఇంటి పనివాళ్ల కోసం చట్టం తెచ్చింది: యజమాని ఇంట్లోనే ఉండే ఆయాకు వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి, వారానికో రోజు విశ్రాంతి. నిద్రపోయే సమయాన్ని పని గంటల్లోంచి తీసేయాలంటే ముందే ఒప్పందం ఉండాలని, మధ్యలో లేపితే ఆ సమయం పనేనని ఫెడరల్ నిబంధన చెబుతోంది. పసిపిల్ల రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తుంది. పాలు పట్టడం అమ్మ పని అయినా, తేన్పు తీయించడం, డైపర్ మార్చడం, ఉయ్యాల ఊపడం అమ్మమ్మ శాఖ. పదింటికి, పన్నెండున్నరకు, మూడింటికి, అయిదున్నరకు. ఆ తర్వాత పడుకోవచ్చు గానీ, అల్లుడికి ఏడింటికి కాఫీ, ఎనిమిదింటికి టిఫిన్.

విజిటర్ వీసా మీద ఉద్యోగం చేయకూడదన్నది కఠిన నిబంధన. మన అమ్మమ్మలు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఉద్యోగమంటే జీతం ఉండాలి, వేళలుండాలి, ఆదివారం ఉండాలి. ఈ మూడూ లేవు కాబట్టి చట్టాన్ని ఉల్లంఘించినట్టు ఎవరూ నిరూపించలేరు.

కుతూహలం కొద్దీ లెక్క కడదాం. నిద్ర, తిండి పోను రోజుకు 14 గంటలే వేసుకుందాం. ఆరు నెలలంటే 182 రోజులు, 2,548 గంటలు. టెక్సాస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి ఆ అంకె కదల్లేదు. అలా చూసినా 18,473 డాలర్లు. బయటి ఆయా గంటకు ఇరవైకి దొరికిందనుకుంటే 50,960. ఇందులో వంట లేదు. బయటి ఆయా శనివారం నలభై మందికి పులిహోర, గారెలు చేయదు.

పరిహారం అసలు లేదనడం అన్యాయం. షిఫ్టుకొక నయాగరా ఇస్తారు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనం కూడా కొన్ని ప్యాకేజీల్లో కలిసి ఉంటుంది. రెండు చోట్లా పిల్ల స్ట్రోలర్ తోసే బాధ్యత ప్యాకేజీలో భాగమే. వెళ్లేటప్పుడు కాస్ట్‌కోలో బాదం పప్పు సంచులు, చాక్లెట్లు, విటమిన్ మాత్రల సీసాలు కొనిపెడతారు, ఊళ్లో అందరికీ పంచడానికి.

సిబ్బంది ఆరోగ్యం మీద యాజమాన్యానికి శ్రద్ధ ఉంది, ఇన్సూరెన్స్ తీసుకుంటారు. అది రెండు రకాలు. చవక రకంలో ఒక్కో చికిత్సకు ఇంత అని గీత గీసి ఇస్తారు, అమెరికా ఆసుపత్రి బిల్లులో ఆ మొత్తం ఏ మూలకీ చాలదు. ఖరీదైన రకంలో కొంత సొంతంగా కట్టాక మిగతాది పరిమితి దాకా వాళ్లు భరిస్తారు. ఎందులోనైనా పాత జబ్బులకు మామూలుగా డబ్బివ్వరు. ఉన్నట్టుండి ముదిరితే మాత్రం కొన్ని పాలసీలు చూస్తాయి. అరవై రెండేళ్ల ఆవిడకు పాత జబ్బు కానిది ఏముంటుందో పాలసీ చెప్పదు. పిల్లకు స్నానం చేయించడానికి ఆవిడ టబ్బులో పీట వేసుకుని కాళ్లు చాపుకుని కూర్చుంటారు. లేచేటప్పుడు ఒక చేతిలో సబ్బునీళ్ల పిల్ల, ఎదురుగా మోకాలెత్తు టబ్బు గోడ. చప్టా అలవాటైన మోకాళ్లకు ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. కిందికి జారని రబ్బరు చాప, గోడకు పట్టుకునే కమ్మీ కలిపి యాభై డాలర్ల లోపు అవుతాయి. అవి సాధారణంగా ఎవరో ఒకరు పడ్డాక ఆర్డర్ చేస్తారు.

స్నానమయ్యాక సాంబ్రాణి. పొగ పసిగట్టే అలారం హాల్లోనే ఉంటుంది కాబట్టి అమ్మమ్మగారి మొదటి వారంలో అది తప్పక మోగుతుంది. అలారంలో బ్యాటరీ తీసేయడం మన సంప్రదాయ పరిష్కారం. తర్వాత తిరిగి పెట్టడం మన సంప్రదాయంలో లేదు.

అన్నిటికన్నా సున్నితమైనది షిఫ్టు మారే వారం. ఇద్దరూ ఒకే వంటింట్లో ఉంటారు. నూనె రాయాలా వద్దా, బోర్లా పడుకోబెట్టాలా వెల్లకిలానా, వసకొమ్ము అరగదీయాలా అన్న పాత కేసులన్నీ తిరిగి విచారణకు వస్తాయి. (వెల్లకిలానే పడుకోబెట్టాలి. వస వద్దు, ఏడాది నిండేదాకా తేనె నాకించడమూ వద్దు. పిల్లల డాక్టరు చెప్పింది ఇద్దరికీ నచ్చదు.) ఈ సందడిలో అసలు అప్పగింతలు జరగవు. తల్లిపాలు తాగే పిల్లకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి వేయమంటారు. ఒక కంపెనీ సీసాలో అది ఒక మిల్లీలీటరు, ఇంకో కంపెనీ సీసాలో ఒకే ఒక్క చుక్క. అమ్మమ్మ హయాంలో మిల్లీలీటరు సీసా. అది అయిపోయి ఆన్‌లైన్‌లో చుక్క సీసా వచ్చేసరికి నానమ్మ దిగారు. "రోజూ డ్రాపరు నిండా వేస్తున్నాం వదినగారూ" అన్న ఒక్క మాట చాలు, పిల్లకు ఎన్నో రెట్ల మందు పడడానికి. ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారు, వేసిందెవరు, ఈ నాలుగూ తెలుగులో రాసిన కాగితం ఒకటి సీసా పక్కన ఉండాలి. ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చినా డాక్యుమెంటు రాసే కొడుకు, కోడలు దీన్ని మాత్రం నోటి మాటకు వదిలేస్తారు.

రెండో షిఫ్టులో యాజమాన్య పద్ధతులు మారతాయి. మొదటి షిఫ్టులో "అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అని నేరుగా చీవాట్లు పడతాయి. రెండో షిఫ్టులో "అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చేస్తా" అని మర్యాద ఉంటుంది; చీవాట్లు రాత్రి పదకొండుకు పడగ్గదిలో కొడుకు ద్వారా జారీ అవుతాయి. నానమ్మతో తాతగారు కూడా వస్తారు. ఆయన పోస్టుకు చెత్తబుట్ట బయట పెట్టడం, మెయిల్‌బాక్స్ చూడడం, బేస్‌మెంట్‌లో తెలుగు వార్తలు వినడం కేటాయించారు. పగలు ఇద్దరూ ఎక్కడికీ వెళ్లలేరు. కారు నడపడం రాదు, బస్సు లేదు, చాలా కాలనీల్లో కాలిబాట సందు చివరే ఆగిపోతుంది.

ఎప్పుడైనా రోస్టరు తప్పుతుంది. అటువైపు వాళ్ల వీసా తిరస్కరించారనో, ఇంటర్వ్యూ తేదీ నెలల తరబడి దొరకలేదనో. అప్పుడు డ్యూటీలో ఉన్న మనిషికే డబుల్ షిఫ్టు. ఇంకొన్నాళ్లు ఉండనివ్వమని కోరే ఐ-539 దరఖాస్తు గడువు తేదీకి ముందే పడాలి. ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితం మీద 470. కారణం రాసే చోట 'మనవరాలి డ్యూటీ' అని రాయకూడదు. పొడిగింపులు అలవాటైనా, వెళ్లిన రెండు నెలలకే మళ్లీ దిగినా, ఈసారి విమానాశ్రయంలో ప్రశ్నలు పెరుగుతాయి. అమెరికాలో ఉన్నన్ని నెలల కన్నా ఇండియాలో ఎక్కువ ఉండి రావడం మంచిదని తెలిసినవాళ్లు చెబుతారు. ఆ ఇండియా ఆరు నెలలు విశ్రాంతి కింద లెక్క. కొండాపూర్‌లో చిన్నకూతురి పిల్లాడికి ఆయా మానేసింది కాబట్టి, విశ్రాంతి అక్కడ తీసుకుంటారు.

ఇదే ఇంట్లో అల్లుడిగారికి ఆన్‌కాల్ రోస్టరు ఉంది. ఆరు వారాలకోసారి ఒక వారం వంతు. రాత్రి రెండింటికి సర్వరు పడిపోయి ఫోను మోగితే, మర్నాడు పదకొండుకు లాగిన్ అవుతారు, మేనేజరు ఏమీ అనడు. తను ఎత్తకపోతే ఇంకొకరికి మోగేలా రెండో వరుస ఉంటుంది. ఆ రాత్రి ఫోను మోగితే పిల్ల కూడా లేస్తుంది. రెండో వరుస లేచి వచ్చి పిల్లను ఎత్తుకుంటారు.

అక్టోబరులో రెండో కాన్పు. మొదటి షిఫ్టు అమ్మమ్మదే, టిక్కెట్లు బుక్కయ్యాయి. నానమ్మకు ఏప్రిల్‌లో మోకాలు మార్పిడి ఆపరేషన్ అనుకున్నారు. ఇంకో ఏడాది ఇంజెక్షన్లతో నెట్టుకురావచ్చని డాక్టరు అన్నారట. రోస్టరులో ఖాళీ భర్తీ అయింది.