రిమోట్ మీది ఎర్రచుక్క దొరకు ఒక అర్జీ

ఎర్రచుక్క దొరా, టీవీ రిమోట్ మీది రికార్డింగ్ బటనా, నీ బాంచన్!

పాలమూరు, నల్లగొండ దిక్కు రిమోట్లల్ల సౌండు బటన్ల మీద గీతలు అరిగి కనబడకుంట అయినయి. నీ ఎరుపు మాత్రం షాపుల నుంచి తెచ్చిన నాటి లెక్కనే ఉన్నది. పని చెయ్యనోని అంగి నలుగది గదా.

నిన్ను ఒత్తితే "ఇక్కడ రికార్డు కాదు" అంటవు, ఎందుకో చెప్పవు. మేమే చెప్తం. సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ తీగల వచ్చే బొమ్మ మీద నీకు అధికారం లేదు. టీవీ తన సొంత ట్యూనర్‌తోని, అంటే లోపలి చానల్ పట్టే భాగంతోని, పట్టిందే నువ్వు దాస్తవు. అంటే డిష్ తీగ సక్కగ టీవీ వెనుక మర తిప్పే సాకెట్‌కే రావాలె. స్పెసిఫికేషన్లల్ల 'డీవీబీ-ఎస్2' అని ఉంటేనే ఆ సాకెట్ ఉంటది. ఉంటే టీవీ సెట్టింగులల్ల ఇవి పెట్టాలె: ఉపగ్రహం జీశాట్-15, తూర్పు 93.5 డిగ్రీలు, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందర సిగ్నల్ పట్టే డబ్బి) 9750/10600, సింబల్ రేటు 29500, ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్. స్కాన్ చేస్తే దూరదర్శన్ పైస లేకుంట ఇచ్చే ఫ్రీ డిష్ చానళ్లల్ల డీడీ యాదగిరి దొరుకుతది. బాక్సు గూడ నడవాలంటే రెండు మూతుల ఎల్‌ఎన్‌బీ పెట్టి రెండో తీగ దించుకోవాలె. ఒక్క తీగనే చీల్చితే సిగ్నల్ సగమైతది, మిగిలిన సగం వానకు పోతది.

ఇంతదాక వచ్చినోళ్లను పెన్‌డ్రైవ్ అడుగుతవు. పెట్టంగనే "ఫార్మాట్ చెయ్యనా?" అంటవు. సరే అన్నమా, అండ్లున్న పెండ్లి ఫొటోలు గల్లంతు. మామూలు చానల్ గంటకు ఒకటిన్నర, రెండు జీబీ మింగుతది. అగ్గువ పెన్‌డ్రైవ్‌తోని టైంషిఫ్ట్ (నడిచే ప్రోగ్రాంను ఆపి, ఆగినకాడి నుంచి సూసుడు) పెడ్తే బొమ్మ ఆగాగి ఎగురుతది, ఒకపక్క రాసుకుంట ఇంకోపక్క చదువుడు దానితోని కాదు. హార్డ్‌డిస్కు పెడ్తే టిక్కు టిక్కుమంటది గానీ తిరగది. మామూలు యూఎస్‌బీ సందు ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులే. 'హెచ్‌డీడీ' అని రాసున్న సందు ఉంటే అండ్లనే పెట్టాలె.

టైమర్ సంగతి ఇంకా కమ్మగుంటది. అది టీవీ స్టాండ్‌బైల ఉంటేనే లేస్తది. అచ్చంపేటల గానీ దేవరకొండల గానీ పండే ముందు ఇంటి పెద్దమనిషి చేసే ఆఖరి పని బోర్డు మీది స్విచ్ కొట్టుడు. ఆయన స్విచ్ కొట్టుడు మర్చిపోయినా నీ గడియారం సతాయించుడు మర్చిపోదు. టైంజోన్ 5:30 పెట్టకుంటే పొద్దుగాల 7 గంటలకని పెట్టింది మధ్యాహ్నం పన్నెండున్నరకు రికార్డయితది. నడుమ కరెంటు పోతే ఫైలు మూసుకోదు. జాగ ఆక్రమిస్తది గానీ పెట్టి సూస్తే నడవది. ఇవన్నీ దాటినా ట్యూనర్ ఒక్కటే. "చానల్ మారిస్తే రికార్డింగ్ ఆగుతది, సరేనా?" అని అడుగుతవు, సీరియల్ కోసం సూసేటోళ్లు చదవకుంటనే సరే అంటరు.

అయినా వీటికి మేం కోపం జెయ్యలె. తాళం కాడనే మా పంచాయితీ.

శ్రీరామనవమి నాటి భద్రాచలం కల్యాణం 36 వేల కిలోమీటర్ల పైనుంచి పైస అడగకుంట, తాళం లేకుంట మా దాబా మీదికి దిగుతది. నువ్వు దాన్ని పట్టి, ఆ ఒక్క టీవీకే తెలిసిన తాళం ఏస్తవు. పక్కింటి టీవీల పెడ్తే నడవది, కంప్యూటర్ల ఫైలే కనబడది. మదర్‌బోర్డు కాలి కొత్తది ఏపిస్తే తాళంచెవి పాతదానితోనే పోతది, డిస్కు మొత్తం ఉత్త బరువు. ఆకాశం ఊకె ఇచ్చినదానికి నువ్వెవలవు కావలికి?

అదే యూఎస్‌బీ సందున్న అగ్గువ ఫ్రీ డిష్ బాక్సులు చానామటుకు మామూలు ఫైలుగ రాస్తయి. డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్ల ఉంటే 4 జీబీ కాడ ముక్క చేస్తయి, గంతే. లైవ్ కార్యక్రమం అయితే పావుగంట ముందు మొదలుపెట్టి అరగంట ఎక్కువ పెట్టుకోవాలె, పూజార్లు టైమర్ సూసి తాళి కట్టియ్యరు.

ఎల్‌ఎన్‌బీ కోసం నిచ్చెన ఎక్కకముందే తెల్వాలె గనుక, ఈ షరతులన్నీ టీవీ డబ్బా మీద, ధర ఏసినంత పెద్ద అక్షరాలల్ల ఏపియ్యి దొరా.

ఇట్లు,
స్విచ్‌బోర్డు మీద "బంద్ జెయ్యకుండ్రి" అని కాగితం అంటిచ్చినోళ్లు