బూచాడు బుస్సీ దొర కాదు

ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే "బూచాడు" అయిందని, బొబ్బిలి యుద్ధం తర్వాత తల్లులు "బుస్సీ వస్తున్నాడు" అంటూ పిల్లల్ని బెదిరించేవారని ఒక సందేశం తెగ తిరుగుతోంది. బుస్సీ నిజం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోవడం నిజం. మాట పుట్టుక మాత్రం అది కాదు.

ముందు మాటను విప్పి చూడండి. పిచ్చివాడు పిచ్చాడైనట్టే బూచివాడు బూచాడయ్యాడు. చెవిపెట్టి వింటే తెలుస్తుంది: "చాప"లో ఉన్నది దంత్యం, నాలుక పళ్లకు తగులుతుంది. "బూచాడు"లో ఉన్నది తాలవ్యం, నాలుక అంగిలికి తగులుతుంది; బూచిలోని "చి" అందులో ఇంకా మిగిలే ఉంది. కాబట్టి అసలు మాట బూచి. అది మగవాడు కూడా కాదు. "అదిగో బూచి వచ్చింది" అంటాం. సేనాని పేరైతే "వచ్చింది" అనేవాళ్లమా?

"సీ" "చీ"గా మారదా అంటే, మారుతుంది. కుర్సీ కుర్చీ అయింది. ఈ ఒక్కచోట ఆ సందేశానికి కొంత పట్టు ఉంది. కానీ బొబ్బిలి కథ చెప్పుకునేవాళ్ల నోట ఆయన ఈనాటికీ బుస్సీయే. నిజాం కొలువులోనే పనిచేసిన మరో ఫ్రెంచి సేనాని "ముస్యే రేమండ్" (ముస్యే అంటే ఫ్రెంచిలో దొర) పేరు నలిగి నలిగి హైదరాబాదులో మూసారాంబాగ్‌గా మిగిలింది. "ముస్యే"లోని స అందులోనూ చెక్కుచెదరలేదు.

అసలు చిక్కు ఎల్లలు దాటితే వస్తుంది. తమిళంలో పూచ్చి అంటే పురుగు, "పూచ్చి కాట్టు" అంటే భయపెట్టు, పూచ్చాండి అంటే అచ్చం మన బూచాడే. కన్నడంలోనూ బూచి ఉంది. తమిళుల పురుగుకు బుస్సీ పేరు పెట్టారనగలమా?

ఇంట్లో పసివాళ్లతో మాట్లాడే తీరు గమనించండి: బువ్వ, బజ్జో, బుజ్జి, బూచి. అన్నీ పెదవులు కలిపితే వచ్చేవే, బిడ్డ నోటికి ముందుగా అందేవే. బూచి ఈ గుంపులోది, కోట ముట్టడిలోంచి వచ్చింది కాదు.

బూచాడంటే పిల్లల్ని ఎత్తుకుపోయే తెల్ల సైనికుడన్న అర్థమూ వాడుకలో లేదు. దయ్యం చచ్చినవాళ్లది, రాక్షసుడికి కోరలూ కథలూ ఉంటాయి. బూచికి రూపమే లేదు. చీకటి గది బూచి, దుప్పటి కప్పుకున్న అన్నయ్య బూచి. పత్రికలు "అప్పుల బూచి చూపి" అని రాసేదీ అందుకే: చూపించేవాడు ఉంటాడు, వెనక ఏమీ ఉండదు.