మేకులు కొట్టరాదు

కంప్యూటరు తెర మీద ఖాళీ జాగాలో మౌసు కుడి బటన్ నొక్కితే ఒక చిన్న జాబితా తెరుచుకుంటుంది. అందులో 'పర్సనలైజ్' అని ఉంటుంది. కంపెనీ ఇచ్చిన లాప్‌టాపులో ఎప్పుడైనా దాన్ని నొక్కారా? నొక్కే ఉంటారు. ఆ అవమానం మీకూ జరిగే ఉంటుంది. రంగుల దగ్గర, బొమ్మల దగ్గర, ఎక్కడ చూసినా బటన్లన్నీ బూడిద రంగులో చచ్చిపడి ఉంటాయి. పైన ఒక వాక్యం: "ఈ సెట్టింగుల్లో కొన్నింటిని మీ సంస్థ నిర్వహిస్తోంది."

ఎంత మర్యాదో చూడండి. కొన్నింటినేనట!

ఆ నిర్వహణ ఎలా ఉంటుందంటే, ఒక సోమవారం పొద్దున లాగిన్ అయ్యేసరికి మీరు వాల్‌పేపరుగా పెట్టుకున్న పాప ఫొటో మాయమైపోయి ఆ చోట నీలం రంగు పోస్టరు వెలుస్తుంది. నీలమే ఎందుకని అడక్కండి, కంపెనీలకి ఇంకో రంగు ఉందని ఎవరూ చెప్పినట్టు లేరు. ఆ నీలం మీద నాలుగు చేతులు ఒకదాని మీద ఒకటి వేసి ఉంటాయి. ఆ చేతులకి మనుషులు ఉండరు. వాటి కింద తెల్లక్షరాల్లో సంస్థ విలువలు: నిజాయితీ, వినయం, వేగం, చివరగా నాకు బాగా నచ్చింది, ఓనర్‌షిప్. చేసే పనిని మన సొంతం అనుకోవాలిట. అనుకుంటాం సార్. పని సొంతం, దాని తాలూకు తలనొప్పి సొంతం, శనివారం రాత్రి పదకొండింటికి వచ్చే ఫోను సొంతం. పద్నాలుగంగుళాల తెర మాత్రం కంపెనీది. హైదరాబాదులో అద్దెకి దిగిన ప్రతివాడికీ ఈ ధోరణి పరిచయమే: "మీ ఇల్లే అనుకోండి, గోడలకి మేకులు మాత్రం కొట్టొద్దు."

ఆ పోస్టరుని చులకన చేయకండి, దాని వెనక పెద్ద యంత్రాంగమే ఉంది. గ్రూప్ పాలసీ అనే చోట ఐటీ వాళ్ళు ఆ బొమ్మ ఎక్కడుందో రాసి, ఎవర్నీ మార్చనివ్వొద్దని ఒక ఆజ్ఞ తగిలిస్తారు. అంతే, గచ్చిబౌలి నుంచి డల్లాస్ దాకా ఎన్ని తెరలుంటే అన్ని తెరల మీదా మనుషుల్లేని చేతులు ప్రత్యక్షం. కీబోర్డులో స్పేస్ బార్ ఊడిపోయింది మహాప్రభో అని టికెట్ పెడితే మూడు వారాలు పట్టే విభాగం కూడా ఇదే.

గంభీరమైన విషయం కాబట్టి కొంత చరిత్ర చెప్పుకోక తప్పదు. మనవాళ్ళలో చాలామందికి మొదటి వాల్‌పేపరు విండోస్ ఎక్స్‌పీ పచ్చగుట్ట. 1996 జనవరిలో ఛార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో కారులో వెళ్తూ, దారిలో ఆగి తీసిన ఫొటో అది. నిజానికి అక్కడ ద్రాక్షతోట ఉండాలి. వేళ్ళకి పురుగు పట్టిందని తీగలు పీకేస్తే గడ్డి మొలిచింది. ఆ తెగులు పుణ్యమా అని 2001 తర్వాత అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, మండల కేంద్రాల్లోని ఇంటర్నెట్ సెంటర్లలో, ఎమ్మార్వో ఆఫీసుల్లో ఎక్కడ చూసినా అదే గుట్ట, అవే మబ్బులు. సొంత ఊరి గుట్టని క్వారీ వాళ్ళు తొలుచుకుపోతే గమనించని జనం కూడా ఆ గుట్టని చటుక్కున గుర్తుపడతారు.

అయితే దాన్ని ఉంచుకుని తీరాలని ఎవరూ శాసించలేదు. విసుగొచ్చినవాళ్ళు తీసేసి చిరంజీవిని పెట్టుకున్నారు, భక్తులు వేంకటేశ్వరస్వామిని పెట్టుకున్నారు. స్వామిని పెట్టుకున్నవాళ్ళ నిష్ఠ చూసి తీరాలి. ఒక్క ఐకాన్ కూడా నామాల మీద పడకుండా అన్నిటినీ పక్కకి జరిపి, రీసైకిల్ బిన్ ఎక్కడ పాదాల దగ్గరికి వస్తుందోనని మూలకి నెట్టి, మళ్ళీ వెనక్కి జరిగి చూసుకునేవారు. అందులో సగం శ్రద్ధ ఫైళ్ళకి పేర్లు పెట్టడంలో చూపించి ఉంటే 'న్యూ ఫోల్డర్ 27' అనేది ఈ దేశంలో పుట్టేదే కాదు.

వాల్‌పేపరు విలువ యజమానులకి మనకంటే ముందే తెలుసు. దొంగ ఎక్స్‌పీ వాడుతున్నవాళ్ళ మీద 2008లో మైక్రోసాఫ్ట్‌కి కోపం వచ్చింది. జైలుకి పంపలేదు, కంప్యూటరు ఆపేయలేదు. గంటకోసారి వాల్‌పేపరు ఊడపీకి తెరని నల్లగా చేసింది. మార్చుకుంటే మార్చుకో, మళ్ళీ గంటకి నలుపే. ఆ మరుసటి ఏడాదే చవకరకం నెట్‌బుక్కుల కోసం విండోస్ 7 స్టార్టర్ అని తెచ్చింది. అందులో లెక్కలు వేసుకోవచ్చు, ఉత్తరాలు రాసుకోవచ్చు, వాల్‌పేపరు మాత్రం మార్చకూడదు. మార్చాలని ఉంటే డబ్బు కట్టి పై రకానికి వెళ్ళాలి. చవక మిషను కొన్నవాడివి, నీకెందుకయ్యా సోకులు అని.

ఇక వర్చువల్ డెస్క్‌టాపుల కథ, అంటే ఒకే తెరని విడివిడి గదుల్లా వాడుకోవడం. 1986లో జిరాక్స్ కంపెనీ వాళ్ళ 'పార్క్' అనే పరిశోధనశాలలో ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ అనే పరిశోధకులు 'రూమ్స్' అని ఒక ఏర్పాటు చేశారు. తెర చిన్నది, విండోలు ఎక్కువ, ఒకదాని మీద ఒకటి పడి చోటు కోసం కొట్టుకుంటున్నాయి, కాబట్టి పనికో గది ఇద్దామని. బుద్ధిమంతుల ఆలోచన, కాదనను. తర్వాత యూనిక్స్ వాళ్ళు వాడుకున్నారు. 2006లో కాంపిజ్ అనే ప్రోగ్రాము వచ్చాక లైనక్స్ కుర్రాళ్ళు నాలుగు డెస్క్‌టాపులని ఒక ఘనానికి అతికించి గిరగిరా తిప్పుకుంటూ కూర్చున్నారు. ఆ ఘనం మీద ఎవరైనా పని చేయగా నేను చూడలేదు. 2007లో ఆపిల్, 2015లో విండోస్ 10 ఈ గదులని మామూలు జనానికి పంచిపెట్టాయి. 2021లో విండోస్ 11 వచ్చి, గదికో వాల్‌పేపరు కూడా పెట్టుకోండి అంది.

అదిగో, మా టీమ్ లీడు గారు పడింది అక్కడే. ఆయన లాప్‌టాపుకి నీలం పోస్టరు బాధ లేదు. లీడ్లకి, ఆ పైవాళ్ళకి మినహాయింపు ఉంది. వినయం అనే విలువ కింది గ్రేడులకి మాత్రమే వర్తిస్తుంది కాబోలు.

ఆయన తన జీవితాన్ని ఎనిమిది డెస్క్‌టాపులుగా విభజించుకున్నారు. ఒకటోది తిరుమల ఆనంద నిలయం, అందులో మెయిళ్ళు. రెండోది హిమాలయాలు, దాని పేరు 'డీప్ వర్క్'. మూడోది పాపికొండలు. నాలుగులో ఎవరో కండల మనిషి, దాని పేరు 'గ్రోత్'. ఐదులో ఎద్దు, షేర్ల కోసం. ఆరోది 'లెర్నింగ్'. పొద్దున వచ్చి టీ తాగి, ఆ డెస్క్‌టాపులో ఉన్నవి ఈ డెస్క్‌టాపుకి, ఇక్కడివి అక్కడికి మోసుకుంటూ ఉంటారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు ఆయన మొహంలో అలసట చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది.

ఒకనాడు క్లయింటుతో కాల్. "నా స్క్రీన్ కనిపిస్తోందా అండీ?" "కనిపిస్తోంది సార్." తెర మీద బంగారు గోపురం. "ఒక్క నిమిషం, షీటు ఇక్కడే ఉండాలి." కంట్రోల్, విండోస్, కుడి బాణం. హిమాలయాలు. షీటు లేదు. బాణం. పాపికొండలు, మధ్యలో ఒక లాంచీ, షీటు లేదు. న్యూజెర్సీలో క్లయింటు ఏదో అనబోయి ఆగాడు. బాణం. కండల మనిషి. కాల్‌లో ఉన్నవాళ్ళందరూ మ్యూట్‌లోనే ఉన్నారు గానీ ఆ మ్యూట్‌కి కూడా ఒక చప్పుడు ఉంటుంది, విన్నవాళ్ళకి తెలుసు. బాణం. ఎద్దు, పక్కన ఎర్రగా కిందికి జారుతున్న ఒక గీత. "ఇది కాదు, ఇది కాదు." ఎవరో పుణ్యాత్ముడు "సార్, ఆల్ట్ ట్యాబ్ కొట్టండి" అన్నాడు. కొట్టారు. ఆల్ట్ ట్యాబ్ మనం ఉన్న గదిలోవి మాత్రమే చూపిస్తుంది కాబట్టి ఆ షేరు పోయి ఇంకో షేరు వచ్చింది. అది ఇంకా ఎర్రగా ఉంది. బాణం. 'లెర్నింగ్'. అందులో ఉద్యోగాల సైటు, ఆయన ఫొటోతో సహా ప్రొఫైలు, నోటీసు పీరియడ్ దగ్గర 'వెంటనే చేరగలను'. మా మేనేజరమ్మ గొంతు సవరించుకున్నారు. ఆయన కంగారులో బాణం రెండుసార్లు నొక్కారు. ఎనిమిదోది. భార్యాపిల్లలు, అన్నవరం మెట్లు, పెళ్ళిరోజు దండలు. షీటు లేదు. కుడివైపు ఇక దారి కూడా లేదు. పాపం, గోడకి తగిలిన తర్వాత కూడా మూడుసార్లు నొక్కారు. చివరికి వెనక్కి ఒకడుగు వేస్తే, ఏ వాల్‌పేపరూ పెట్టుకోని ఏడో గదిలో దొరికింది షీటు. "రైట్, సో, మన టర్నరౌండ్ టైమ్ ఎందుకు పెరిగిందంటే" అని మొదలుపెట్టారు. ఒక్కరు నవ్వలేదు. కార్పొరేట్ శిక్షణ అంటే అదీ.

ఆయన మీద చర్య ఏమీ లేదు. పైగా 'మీ డిజిటల్ వర్క్‌స్పేస్‌ని అమర్చుకోవడం ఎలా' అని మా అందరికీ ఆయన చేతే తరగతి చెప్పించారు. అందులో మొదటి మెట్టు: మీకు స్ఫూర్తినిచ్చే వాల్‌పేపరు ఎంచుకోండి. మా లాప్‌టాపుల్లో ఆ బటన్ బూడిద రంగులో ఉంది.

మేమైనా నయం. మా కింది అంతస్తులో బీమా క్లెయిములు చూసే రాత్రి షిఫ్టు అమ్మాయిలు ఉంటారు. ఫోను లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. సమాచార భద్రత, సరే, ఒప్పుకుందాం. కాగితం, పెన్ను తీసుకెళ్ళకూడదు. అదీ ఒప్పుకుందాం. సొంత సీటు లేదు, ఏ పూట ఏది ఖాళీగా ఉంటే అది. సొరుగు లేదు. పాత గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాకి కూడా టేబుల్ మీద ఒక అద్దం పలక ఉండేది. దాని కింద షిర్డీ సాయిబాబా, పిల్లల గ్రూప్ ఫొటో, పోయిన తండ్రి పాస్‌పోర్టు సైజు ఫొటో ఉండేవి. ఆయన చేతివాటం సంగతి వేరే మాట్లాడుకుందాం. ఆ అద్దం కిందికి మాత్రం ఏ పై అధికారి చెయ్యీ వెళ్ళలేదు. ఈ అమ్మాయికి మిగిలింది ఒక్క తెర. తొమ్మిది గంటల షిఫ్టులో విండోలన్నీ మూసిన క్షణంలో, ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన ఏడాది నిండని బిడ్డ మొహం కనబడితే మీ డేటా ఎక్కడికి కారిపోతుంది? ఏ హ్యాకరు ఆ బోసినవ్వు పట్టుకుని మీ సర్వరులోకి దూరతాడు? భద్రత కాదయ్యా ఇది, ఏడుపు. ఎటు చూసినా మీ పేరే కనపడాలన్న ఏడుపు. జీతం ఇచ్చి చేతులు తీసుకున్నారు, నిద్ర తీసుకున్నారు, ఇప్పుడు కళ్ళు కూడా కావాలి. సిగ్గు లేకపోతే సరి, దాని మీద మళ్ళీ 'వినయం' అని రాస్తారు.

ఈ జబ్బు కంపెనీలకే ఉందనుకోకండి. 2013లో ఉత్తరప్రదేశ్‌లో పన్నెండో తరగతి పాసైన పిల్లలకి ప్రభుత్వం లాప్‌టాపులు పంచితే, తెర మీద ముఖ్యమంత్రి అఖిలేశ్, తండ్రి ములాయం నవ్వుతూ దర్శనమిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాసుపుస్తకం మీదకే ముఖ్యమంత్రి ఫొటో ఎక్కింది. తాత దున్నిన పొలం, రైతు తీర్చిన అప్పు, అట్ట మీద బొమ్మ ఇంకొకరిది. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని తీసేసి రాజముద్రతో కొత్తవి ఇవ్వాలని నిర్ణయించారు. ఓటేసి వాల్‌పేపరు మార్చుకున్న జనం మనవాళ్ళు. కంపెనీలో ఆ సదుపాయం లేదు.

ఫిర్యాదులు వెళ్ళకపోలేదు. హెచ్చార్ వాళ్ళు స్పందించకపోనూ లేదు. ఉద్యోగుల అభిప్రాయానికి పెద్దపీట వేస్తూ, మూడు పోస్టర్లలో నచ్చినది ఎంచుకోమని సర్వే పంపారు. మూడూ నీలమే. ఒకదాంట్లో చేతులు ఆరు.

కాబట్టి మనమే ఏదో దారి చూసుకోవాలి. ఫొటోని వాల్‌పేపరుగా పెట్టకూడదన్నారు గానీ తెరిచి చూడకూడదని ఇంకా అనలేదు. కంట్రోల్, విండోస్, డి కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాపు పుడుతుంది. అందులో పాప ఫొటో తెరిచి ఎఫ్11 కొట్టండి. తెర నిండా పాపే, చేతులు లేవు, విలువలు లేవు. కింది అంతస్తు అమ్మాయిలకి ఈ కిటుకు నాకంటే ముందే తెలుసట. లాకరు దాటి ఫొటో లోపలికి ఎలా వస్తుందని మాత్రం నన్ను అడక్కండి, ఇక్కడ రాస్తే రేపటికల్లా ఆ దారికీ తాళం పడుతుంది. మేనేజరు గారు అటుగా వస్తుంటే కంట్రోల్, విండోస్, ఎడమ బాణం.