గంజాయి మందుకి అడ్డు పడుతున్నది అమెరికా కాదు

ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "గంజాయి మన పూర్వీకుల దివ్యౌషధం. వేల ఏళ్లు స్వేచ్ఛగా పండించుకున్నాం. 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం అమెరికా ఒత్తిడికి లొంగి పూర్తిగా నిషేధించింది. అది క్యాన్సర్‌ని నయం చేస్తుందని మందుల కంపెనీలకి తెలుసు, అందుకే దాస్తున్నాయి. ఇప్పుడు అమెరికాలోనే అంతా లీగల్, ఐక్యరాజ్యసమితి కూడా మందని ఒప్పుకుంది. మన పోలీసులు మాత్రం అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల మందుని తగలబెట్టారు. నిషేధం ఎత్తేస్తే ఏజెన్సీ గిరిజనులు బాగుపడతారు."

గంజాయి మొక్క నుంచి తీసే మందులకి నేను వ్యతిరేకం కాదు. అవసరమైన రోగికి అవి డాక్టర్ చీటీ మీద అందాలని గట్టిగా కోరుకుంటాను. ఈ మెసేజ్ మీద నా కోపం కూడా అందుకే. ఇది నిందని తీసుకెళ్లి ఎక్కడో వాషింగ్టన్‌లో పడేస్తోంది. ఇక్కడ జవాబు చెప్పాల్సిన వాళ్లని ఎవరూ అడగడం లేదు.

మొదట ఆ "1985 దాకా స్వేచ్ఛ" సంగతి చూద్దాం. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచే గంజాయి మీద లైసెన్సులు, పన్నులు ఉన్నాయి. 1893-94లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అని వేసి దేశమంతా విచారించారు. మితంగా వాడితే పెద్దగా హాని లేదు, పూర్తి నిషేధం వద్దు, లైసెన్సుతో అదుపు చేయండి అని ఆ కమిషన్ చెప్పింది. 1930లో డేంజరస్ డ్రగ్స్ యాక్ట్ వచ్చింది. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే ఇప్పటి మాదకద్రవ్యాల చట్టం, ఆ పాత చట్టాల స్థానంలోకే వచ్చింది.

మరి అమెరికా ఒత్తిడి? అసలు లేదని నేననను. మాదకద్రవ్యాల మీద ప్రపంచమంతా కఠినంగా ఉండాలని దశాబ్దాలుగా ముందుండి తోసింది ఆ దేశమే. కానీ మనని కట్టేసిన కాగితం 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం. అది 1964లో అమల్లోకి వచ్చింది. మత్తు కోసం గంజాయి వాడకాన్ని 25 ఏళ్లలోగా ఆపాలని అందులో రాశారు. 1985 నాటికి ఆ గడువు ముంచుకొస్తోంది. అయితే అదే ఒప్పందం వైద్యానికి, పరిశోధనకి తలుపు తెరిచే ఉంచింది. ఆకుల్ని, గింజల్ని గంజాయి నిర్వచనంలోంచి తప్పించింది కూడా. మన చట్టంలోనూ అంతే. పూతకొచ్చిన కొసలు గంజాయి, విడదీసిన జిగురు చరస్. కొసలు కలవని ఆకు, గింజ గంజాయి కిందకి రావు. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ అనుమతితో ఆకుతో చేసే భంగు దుకాణాలు నడుస్తున్నాయి.

ఇక "పూర్తి నిషేధం" అన్న మాట. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 8 చదవండి. పండించొద్దు, అమ్మొద్దు, దగ్గర ఉంచుకోవద్దు అంటూనే వైద్య, శాస్త్రీయ అవసరాలకి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుని అమలు చేసే అధికారం సెక్షన్ 10 కింద రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పెట్టింది. సాగు, తయారీ, రవాణా, అమ్మకం, వాడకం, అన్నిటికీ రాష్ట్రమే నియమాలు రాసి లైసెన్సులు ఇవ్వొచ్చు. నార కోసం, గింజ కోసం సాగుకి సెక్షన్ 14లో వేరే దారి ఉంది. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారిలోనే హెంప్ సాగుకి లైసెన్సు ఇచ్చింది. జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ (సీఎస్‌ఐఆర్) పరిశోధన కోసం అనుమతితోనే గంజాయి పెంచుతోంది. హిమాచల్ ప్రదేశ్‌లో రెవెన్యూ మంత్రి ఆధ్వర్యంలో కమిటీ వేశారు. 2024 సెప్టెంబరులో అసెంబ్లీ ఆ నివేదికని ఆమోదించింది. ఆ తర్వాత పాలంపూర్, నౌణీ యూనివర్సిటీలతో ప్రయోగాత్మక అధ్యయనానికి అక్కడి కేబినెట్ ఓకే చెప్పింది. వీటిలో దేనికీ పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేకపోయింది.

అలాగని చట్టంలో చిక్కుల్లేవని కాదు. ఒకటి చాలా పెద్దది, మెసేజ్‌లు రాసేవాళ్లు దాని జోలికే పోరు. సెక్షన్ 10లో రాష్ట్రానికి ఇచ్చిన అధికారంలోంచి చరస్‌ని మినహాయించారు. చరస్ నిర్వచనంలో హషీష్ ఆయిల్, అంటే మొక్క సారాన్ని చిక్కబరిచి తీసిన నూనె కూడా ఉంది. డాక్టర్ మిల్లీగ్రాముల్లో రాయగలిగే మందు కావాలంటే పూత కొసల్లోంచి సారం తీయాల్సిందే. తీసిన మరుక్షణం అది రాష్ట్రం చేతిలో లేని సరుకు అయిపోతుందా అన్న ప్రశ్న లేస్తుంది. దానికి తోడు మత్తునిచ్చే టీహెచ్‌సీ ఇదే చట్టంలోని సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థాల జాబితాలో విడిగా ఉంది. ఇంత గందరగోళం ఉన్న చోట ఏ పెద్ద కంపెనీ డబ్బు పెడుతుంది? ఏ ఆసుపత్రి ఫార్మసీ స్టాకు పెడుతుంది? గంజాయి వాణిజ్య పరిమాణం 20 కిలోలైతే, చరస్‌కి ఒక్క కిలోనే. ఆ పైన దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా జైలు, సెక్షన్ 37 వల్ల బెయిలు కూడా గగనం. అసలైన అడ్డు ఇక్కడుంది.

ఈ ఖాళీలోకి ఎవరు దూరారో చెప్తాను. మా పెద్దమ్మ మనవడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఇలాంటి మెసేజ్ చూసే వాళ్ల నాన్న ఆన్‌లైన్‌లో ఒక నూనె తెప్పించాడు. గోధుమరంగు గాజు సీసా, రబ్బరు మూత, చుక్కలు వేసే గొట్టం. లేబుల్ మీద "విజయా పత్ర సారం" (విజయ అంటే ఆయుర్వేదంలో భంగు), కింద చిన్న అక్షరాల్లో వైద్యుల పర్యవేక్షణలో వాడాలని హెచ్చరిక. అది ఆయుర్వేద లైసెన్సు మీద తయారైన సరుకు. భంగుని విష ద్రవ్యాల జాబితాలో పెట్టి ఆ హెచ్చరికతో ఆయుర్వేద మందుల్లో వాడనిస్తారు కాబట్టి అమ్మకం చట్టబద్ధమే. న్యూరాలజిస్టు ఆ సీసా తిప్పి తిప్పి చూసి ఒకటే అడిగారు: "ఒక చుక్కలో సీబీడీ ఎన్ని మిల్లీగ్రాములు?" సీబీడీ అంటే ఈ మొక్కలో ఉండే, మత్తివ్వని పదార్థం. ఆ లెక్క లేబుల్ మీద లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అక్కడా తెలియదు. బాబు అప్పటికే క్లోబజామ్ అనే ఫిట్స్ మందు మీద ఉన్నాడు. సీబీడీ తోడైతే ఒంట్లో ఆ మందు ప్రభావం పెరిగి విపరీతమైన మగత వస్తుంది. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందుతో కలిస్తే లివర్ ఎంజైములు పెరగొచ్చు. మోతాదు తెలియకుండా ఏ డాక్టర్ మాత్రం సరే అంటారు? పిల్లాడి తండ్రి ముఖం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. కొలిచి, పరీక్షించి ఇచ్చే మందు అందుబాటులో ఉండి ఉంటే ఆ సీసా జోలికే పోయేవాడు కాదు.

"క్యాన్సర్ నయమవుతుంది, కంపెనీలు దాస్తున్నాయి" అన్నది శుద్ధ అబద్ధం. ల్యాబుల్లో కణాల మీద, ఎలుకల మీద ప్రయోగాలు జరిగాయి. మనుషుల్లో గంజాయి క్యాన్సర్‌ని నయం చేస్తుందని ఇంతవరకూ రుజువు కాలేదు. దీన్ని నమ్మి కీమో మానేసే వాళ్లు ఉంటారు, ఆ పాపం ఫార్వర్డ్ చేసిన ప్రతి వేలికీ అంటుతుంది. రుజువైనవి వేరే. కీమో వల్ల ఆగని వాంతులకి కృత్రిమ టీహెచ్‌సీ క్యాప్సూల్‌ని అమెరికా 1985లోనే అనుమతించింది, మనం ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చిన ఏడాదే. డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ ఉన్న 120 మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. శుద్ధమైన సీబీడీ వాడిన వాళ్లలో నెలకి మధ్యస్థంగా 12.4 ఉన్న ఫిట్స్ 5.9కి తగ్గాయి. డమ్మీ మందు వాడిన వాళ్లలో 14.9 నుంచి 14.1 దగ్గరే ఆగాయి. పూర్తిగా ఆగిపోయింది మాత్రం 5 శాతం మందికే. మరుసటి ఏడాది ఎపిడియోలెక్స్ పేరుతో ఆ మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు తయారు చేసిన కంపెనీని 2021లో ఇంకో మందుల కంపెనీ 700 కోట్ల డాలర్లు దాటిన ధర పెట్టి కొనుక్కుంది. దాచాలనుకునే వాళ్లు చేసే పని కాదిది. వాళ్లకి గంజాయిలో లాభం బాగానే కనిపించింది. మన పిల్లలకి అందే ధరలో దొరకడమే సమస్య.

"అమెరికాలో అంతా లీగల్" అంటున్నారు. 1996లో కాలిఫోర్నియా వైద్య గంజాయిని ఓటుతో ఒప్పుకుంది, ఆ తర్వాత ముప్పైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. కానీ 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని హెరాయిన్ సరసన కూర్చోబెట్టింది. రాష్ట్రం అనుమతించినా కేంద్రం కేసు పెట్టొచ్చని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. కాస్త తేలిక షెడ్యూల్‌లోకి మారుద్దామని 2024లో ప్రతిపాదన వచ్చింది. మారినా అది డాక్టర్ చీటీ మీద నడిచే మందుల వరసే. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి: వీసాలు, గ్రీన్ కార్డులు కేంద్ర చట్టం కిందే నడుస్తాయి. రాష్ట్రం లైసెన్సిచ్చిన షాపులో కొని వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే. అమ్మకి మోకాళ్ల నొప్పులని గంజాయి గమ్మీలు సూట్‌కేసులో పెట్టి పంపేవాళ్లు, శంషాబాద్‌లో దిగే ఆ తల్లి చేతికి ఎన్‌డీపీఎస్ కేసు పెడుతున్నట్టే. దిగుమతికీ ఇదే చట్టం.

ఐక్యరాజ్యసమితి సంగతి సగం నిజం. 2020 డిసెంబరు 2న నార్కోటిక్ డ్రగ్స్ కమిషన్ 27-25 ఓట్లతో గంజాయిని ఆ 1961 ఒప్పందంలోని అత్యంత ప్రమాదకరమైన షెడ్యూల్ 4 నుంచి తీసేసింది. భారత్ తీసేయాలనే ఓటు వేసింది. షెడ్యూల్ 1లో మాత్రం గంజాయి ఇంకా ఉంది, అంటే నియంత్రణ అలాగే ఉంది. అక్కడ అలా ఓటేసిన దేశం ఇక్కడ తన రోగులకి ఏం చేసిందన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్న. మెసేజ్ రాసినాయన అది అడగలేదు.

అనకాపల్లి దగ్గర కోడూరులో 2022 ఫిబ్రవరి 12న రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టిన మాట నిజమే. అది మందు మాత్రం కాదు. మత్తు కోసం పండించి, ఎండబెట్టి, మూటకట్టి, లారీల్లో కొబ్బరికాయల కిందా పనసకాయల కిందా దాచిన సరుకు. అందులో టీహెచ్‌సీ ఎంతో, బూజు ఎంతో, పురుగుమందు ఎంతో మూట కట్టినవాడికీ తెలియదు. మూర్ఛకి పనికొచ్చే మందులో టీహెచ్‌సీ దాదాపు ఉండదు. ఆ మూటల్ని రోగులకి పంచాల్సిందని అనేవాళ్లు రోగి మేలు కోరేవాళ్లు కారు.

ఇక గిరిజనుల పేరు ఎత్తుకోవడం. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో పెట్టుబడి పెట్టేది బయటి రాష్ట్రాల వ్యాపారి, లాభం తినేదీ అతనే. మోసుకెళ్లి దొరికేది గిరిజన కుర్రాడు. ఏళ్ల తరబడి జైల్లో మగ్గేదీ వాడే. చట్టబద్ధం చేసినంత మాత్రాన ఈ వరస దానంతటదే తిరగబడదు. మందు కోసం సాగంటే ధ్రువీకరించిన విత్తనం, ల్యాబ్ పరీక్షలు, కంచె, కాపలా, రికార్డులు. అదంతా భరించేది కంపెనీలు. గిరిజన సొసైటీలకి లైసెన్సుల్లో వాటా కావాలంటే నియమాల్లోనే రాయించుకోవాలి, మెసేజ్‌లో రాస్తే రాదు.

మరి మన రెండు రాష్ట్రాల్లో ఆ నియమాల గురించి ఏ నాయకుడూ ఎందుకు నోరెత్తడు? భయం. 2021 అక్టోబరులో ఆంధ్రలో గంజాయి మీద మొదలైన మాటల యుద్ధం మంగళగిరిలో ఒక పార్టీ కేంద్ర కార్యాలయం మీద దాడి దాకా వెళ్లింది. అధికారం ఎవరిదైనా, ఎదుటివాళ్లు తిట్టడానికి దొరికే మొదటి మాట గంజాయి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ మత్తుపదార్థాల మీద ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగాలున్నాయి. పిల్లలు పాడైపోతున్న ఊళ్లలో అవి అవసరమే. ఆ పక్కనే రోగుల కోసం ఒక జీవో తెద్దామని మంత్రి అంటే మర్నాడు పేపర్లలో ఏ హెడ్డింగ్ వస్తుందో ఆయనకి తెలుసు. 2017లో కేంద్ర మంత్రిగా ఉండి మేనకా గాంధీ వైద్య గంజాయిని అనుమతించాలని సూచించారు. అది సూచనగానే మిగిలింది.

ఇదే చట్టం కింద, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ గతి ఏమైందో గుర్తు చేసుకుంటే దారి కనిపిస్తుంది. మార్ఫిన్ ఎప్పుడూ నిషేధంలో లేదు. కానీ 1985 తర్వాత ప్రతి రాష్ట్రానికీ ఒక రూలు, ఆసుపత్రికి నాలుగైదు లైసెన్సులు, ఒకటి వచ్చేలోపు ఇంకోటి గడువు దాటడం. తలనొప్పెందుకని ఫార్మసీలు తెప్పించడమే మానేశాయి. చివరి దశ క్యాన్సర్ రోగులు ఇళ్లలో అరుస్తూ పోయారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగితే 2014లో సవరణ వచ్చింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్‌తో సహా ఆరు మందులకి దేశమంతటా ఒకే నియమం, ఒకే అనుమతి అయింది. గంజాయి మందులు ఆ జాబితాలో లేవు.

కాబట్టి అడగాల్సినవి రెండు. చరస్ నిర్వచనంలోంచి వైద్యానికి తీసే సారాన్ని తప్పించడం, ఆ జాబితాలో గంజాయి మందులకి చోటివ్వడం ఢిల్లీ పని. దానికి మన ఎంపీల్ని పట్టుకోవాలి. సెక్షన్ 10 కింద ఏ ఆసుపత్రి ఎంత ఉంచుకోవచ్చు, లైసెన్సు ఏ శాఖ ఇస్తుంది, ఎన్ని రోజుల్లో ఇస్తుంది, తనిఖీ ఎవరిది అని నియమాలు రాయడం అమరావతి, హైదరాబాద్‌ల పని. దీనికి బిల్లు కూడా అక్కర్లేదు. సెక్షన్ 78 కింద నియమాలు గెజిట్‌లో వేసి సభ ముందు పెడితే సరిపోతుంది.