లైట్ తీస్కోండి సార్

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. ఫ్యాను మూడు చుట్లు తిరిగి, నాలుగోది సగంలో మానేసింది. ఇన్వర్టర్ కుయ్ కుయ్‌మని కాసేపు మూలిగి అదీ కళ్ళు మూసింది. లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేశాను. అప్పటికే రెండుసార్లు చేసి ఉన్నాను కాబట్టి మూడోసారి గొంతు కాస్త లేచింది. ఆయన మాత్రం ఎంతో మర్యాదగా, "టెన్షన్ పడకండి సార్, లైట్ తీస్కోండి" అన్నాడు.

కరెంటు లేని కొంపలో మనిషి లైట్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి?

ఇదే మాట ఇంగ్లిష్‌లోకి మార్చి లండన్‌లో ఎవరితోనైనా అని చూడండి. పాపం, బల్బు వైపు చూస్తాడు. మాట ఇంగ్లిషే, కానీ అర్థం తెలిసింది మనకొక్కరికే. ఇంత గొప్ప సరుకు మీద మనం ఇంతవరకూ పేటెంట్ తీసుకోలేదు. బహుశా దాన్నీ లైట్ తీసుకున్నాం.

సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్న మా అన్నయ్య కొడుకు తల ఎత్తకుండానే, "కూల్ బాబాయ్, చిల్" అని తన వంతు సాయం చేశాడు. నెత్తిన రెండు ఐసు ముక్కలు పెట్టినట్టు రెండు మాటలు. గది వేడి అరడిగ్రీ కూడా తగ్గలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఈ మాటల్లో సరుకుందా, లేక ఉత్త ప్యాకెట్లేనా? పరిశోధన అవసరమనిపించింది. అటక మీంచి డిక్షనరీ దించాను. చదవడం పూర్తయ్యాక అట్ట విసనకర్రగానైనా పనికొస్తుంది.

మొదట 'కామ్'. దీని మూలం గ్రీకు మాట 'కౌమా' అని పండితులు చెబుతారు. కౌమా అంటే ప్రశాంతత కాదు, మండే ఎండ. ఆ ఎండకి తాళలేక జనం పనులు ఆపి నీడపట్టున కదలకుండా పడి ఉండేవాళ్ళు. ఆ మాటే లాటిన్, ఇటాలియన్, ఫ్రెంచ్ దాటుకుంటూ ఇంగ్లండ్ చేరేసరికి ఎండ ఆవిరైపోయి, కదలకపోవడం మాత్రం మిగిలింది. ఆ లెక్కన బనీను వీపుకి అతుక్కుపోయి, చెమటలు కక్కుతూ, కుర్చీలోంచి లేచే ఓపిక లేక కూర్చున్న నేను శాస్త్రప్రకారం అసలు సిసలు కామ్. ఈ సంగతి నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు.

తర్వాత 'ఫ్లెగ్మాటిక్'. మిన్ను విరిగి మీద పడ్డా చలించనివాడని అర్థం. ఎందుకు చలించడు? ఒంట్లో కఫం ఎక్కువ కాబట్టి. పాత యూరప్ వైద్యులు అలాగే నమ్మారు. తెల్లవాణ్ణి చూసి నవ్వడానికి వీల్లేదు, కఫప్రకృతి మనిషి నెమ్మదస్తుడని మన ఆయుర్వేదమూ అంటుంది. జలుబు చేసినవాణ్ణి ఇకమీదట కాస్త గౌరవంగా చూడాలి.

ఇంతకంటే ఆశ్చర్యం 'వర్రీ'. పాత ఇంగ్లిష్‌లో దానర్థం గొంతు పిసకడం. 'కేర్' అంటే దుఃఖం. ఈ రెండూ అచ్చంగా వాళ్ళింట్లో పుట్టిన మాటలే. మరి సెరీన్, ట్రాంక్విల్, రిలాక్స్? లాటిన్ సొత్తు. నాన్‌షలాంట్? ఫ్రెంచివాడిది. కూల్, చిల్ మాత్రం సొంతమే. ఆ దేశంలో చలికి కొరతేముంది గనక! దిగులు పెరటి పంట, మనశ్శాంతి చాలావరకు దిగుమతి. మన సంగతి చూసినా అంతే. నిశ్చింత సంస్కృతం ఇచ్చింది, బేఫికర్ ఉర్దూ ఇచ్చింది. చింత మాత్రం ఊరూరా చెట్టుకి కాస్తుంది, ఏటా పచ్చడి కూడా పెడతాం.

'ఇన్సూసియంట్', అంటే దేనికీ దిగులు పడనివాడు, దగ్గర నా పరిశోధన కొంతసేపు ఆగిపోయింది. అందులో ఉన్నది 'సూసీ', ఫ్రెంచ్‌లో చింత. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఇప్పటి జర్మనీలో ఉన్న పాట్స్‌డామ్‌లో ద్రాక్షతోటల మెట్ల పైన ఒక భవనం కట్టించి, 'సాన్ సూసీ', అంటే చింతల్లేని ఇల్లు అని పేరు పెట్టుకున్నాడు. 1747లో గృహప్రవేశం. 1756లో పక్కనున్న సాక్సనీ మీద పడ్డాడు, అది ఏడేళ్ళ యుద్ధమై కూర్చుంది. చచ్చాకైనా నిశ్చింతగా ఉందామని, ఆ ఇంటి ఆవరణలోనే తన పెంపుడు కుక్కల పక్కన పూడ్చమని రాసిపెట్టాడు. 1786లో పోతే, తీసుకెళ్ళి చర్చిలో వాళ్ళ నాన్న పక్కన పెట్టారు. చిన్నప్పుడు కొట్టి, జైల్లో కూడా పెట్టించిన నాన్న! రెండో ప్రపంచయుద్ధంలో ఆ శవపేటిక బాంబులకి భయపడి ఉప్పు గనిలో దాక్కుంది. ఆ తర్వాత ఇంకో రెండు చోట్లు తిరిగింది. ఎట్టకేలకు 1991లో కుక్కల పక్కకి చేరింది. పాపం, చింతల్లేని ఇంటి యజమానికి రెండు వందల అయిదేళ్ళ వెయిటింగ్ లిస్టు. మా వీధి మలుపులో 'ప్రశాంతి నిలయం' అని బోర్డు పెట్టుకున్నాయన ఇంటి ముందు గేటుకి అడ్డంగా ఎవరో స్కూటర్ పెట్టిన రోజు మీరు చూడాల్సింది.

'కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్' కథ కూడా ఇదే బాపతు. 1939లో బ్రిటిష్ ప్రభుత్వం ఇరవై నాలుగు లక్షల పైచిలుకు పోస్టర్లు అచ్చువేసి, జనం మరీ బెదిరిపోయినప్పుడు అంటిద్దామని దాచిపెట్టింది. బాంబులు పడ్డాయి, పోస్టర్లు మాత్రం దాదాపు గోడెక్కలేదు. కాగితం కరువొచ్చి చాలావాటిని గుజ్జు చేసేశారు. 2000లో ఒక పాత పుస్తకాల షాపు వాళ్ళకి ఒకటి దొరికింది, అప్పట్నుంచీ కాఫీ కప్పుల మీద, టీషర్టుల మీద ఊరేగుతోంది. మావాడి ఒంటి మీదా అదే టీషర్టు.

సాయంత్రం అయిదయ్యింది, కరెంటు రాలేదు. ఉన్నట్టుండి సోఫాలోంచి కేక. "బాబాయ్! నాలుగు పర్సెంటే ఉంది! పవర్ బ్యాంక్ ఎక్కడ? కారు తాళాలివ్వు, అందులో ఛార్జింగ్ పెట్టుకుంటా!" లేచి హాల్లో అటూ ఇటూ పచార్లు మొదలెట్టాడు. టీషర్టు మీది అక్షరాలు చెమటకి తడిసిపోయాయి.

"ఒరేయ్, ముందు నిమ్మళంగా కూర్చో" అన్నాను.

"అదేదో ఉంటే త్వరగా ఇవ్వు బాబాయ్, ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యి" అన్నాడు.