మూత మూసిన ల్యాప్‌టాప్‌ను నమ్మి పడుకోకండి

పరీక్షలకు చదివే పిల్లల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో క్లాక్ యాప్ తెరిచి అలారం పెట్టి, మూత మూసి పడుకోండి. టైముకి అదే లేచి మోగుతుంది. షట్ డౌన్ చేసినా పర్వాలేదు, లోపల గడియారం నడుస్తూనే ఉంటుంది. సెట్టింగులేవీ మార్చక్కర్లేదు" అని. ఫోన్ దూరం పెట్టమనడం వరకు నాకూ ఇష్టమే. మిగతాది నమ్మి మా చెల్లెలు తెల్లవారుజాము రైలు పోగొట్టుకుంది.

మూత మూసినా మోగుతుందన్న మాటే అన్నిటికంటే ప్రమాదం. మూత మూయగానే స్లీప్‌లోకి వెళ్లేలా చాలా ల్యాప్‌టాప్‌లు కొన్నప్పటి నుంచే సెట్ అయి ఉంటాయి. స్లీప్ అంటే స్క్రీన్ ఆరిపోవడం ఒక్కటే కాదు. పాత పద్ధతి స్లీప్‌లో ప్రాసెసర్ పని ఆపేస్తుంది, తెరిచి ఉన్న పనులను గుర్తుంచుకునే ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు అందుతుంది. అలారం మోగించాల్సిన ప్రోగ్రామే ఆగిపోయి ఉంటే మోగించేది ఎవరు? పీసీ మేలుకుని ఉంటేనే నోటిఫికేషన్ వస్తుందని విండోస్ 10 అలారం యాప్‌లోనే రాసి ఉంటుంది. మా చెల్లి ఆ లైను చూడలేదు.

కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మోడర్న్ స్టాండ్‌బై ఉంటుంది. అవి ఫోన్‌లాగా సగం మెలకువతో ఉంటాయి కాబట్టి మోగవచ్చు. మెసేజ్ రాసినవారి దగ్గర అలాంటిదే ఉండి ఉంటుంది. మీదేదో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో (స్టార్ట్ మెనూలో cmd అని వెతికితే వచ్చే నల్ల విండో) పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, ఏ కొట్టండి. అందుబాటులో ఉన్న స్లీప్ రకాల్లో ఎస్0 ఉంటే కొత్త పద్ధతి, ఎస్3 ఉంటే పాతది. కింద అందుబాటులో లేనివి కూడా చూపిస్తుంది, దాన్ని చూసి పొరబడకండి. ఎస్0 ఉన్నా, రాత్రి బ్యాటరీ తగ్గితే అది హైబర్నేట్‌లోకి, అంటే పనులన్నీ డిస్క్‌లో దాచుకుని పూర్తిగా ఆగిపోయే స్థితిలోకి, వెళ్లిపోవచ్చు. అప్పుడు అలారం రాదు.

ఇక షట్ డౌన్ సంగతి. లోపల గడియారం నడుస్తుందన్నది నిజమే. కానీ అది టైము లెక్కపెడుతుంది, పాట పాడదు. ఫలానా టైముకి ఆన్ అయ్యే ఏర్పాటు కొన్ని మెషీన్ల బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే మొదలయ్యే సెట్టింగుల్లో, ఉంటుంది. అలా ఆన్ అయినా లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగి, మీ పాస్‌వర్డ్ కోసం చూస్తూ కూర్చుంటుంది.

సెట్టింగులు మార్చక్కర్లేదట! మార్చాల్సిందే. పవర్ సెట్టింగుల్లో స్క్రీన్ ఆరిపోయే టైము వేరు, స్లీప్ టైము వేరు. స్క్రీన్‌ను అయిదు నిమిషాలకే ఆరిపోనివ్వండి, గదిలో వెలుతురు ఉండదు. స్లీప్‌ను మాత్రం "నెవర్" చేయండి. చార్జర్ ఉన్నప్పటికి ఒక సెట్టింగ్, బ్యాటరీకి ఇంకొకటి ఉంటాయి, రెండూ మార్చాలి. రాత్రి కరెంటు పోతే లెక్కలోకి వచ్చేది రెండోదే. మూత తెరిచే ఉంచండి. మూయక తప్పదంటే కంట్రోల్ ప్యానెల్‌లో మూత మూస్తే "డూ నథింగ్" అని పెట్టండి. అలా పెట్టిన ల్యాప్‌టాప్ లోపల నడుస్తూనే ఉంటుంది కాబట్టి బల్ల మీదే ఉండాలి. పరుపు మీద, దుప్పటి కింద పెడితే గాలి ఆడక వేడెక్కిపోతుంది. పొద్దున లేచాక ఈ సెట్టింగులన్నీ వెనక్కి మార్చండి, లేకపోతే బ్యాగులో కూడా నడుస్తూనే ఉంటుంది.

వాల్యూమ్ చూసుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కలిసి ఉంటే శబ్దం వాటిలోకే పోవచ్చు. అప్‌డేట్ పెండింగ్‌లో ఉంటే పడుకునేముందే రీస్టార్ట్ చేసేయండి.

ఆ రాత్రి పెట్టబోయే సెట్టింగులతోనే పగలొకసారి గంట తర్వాతకి అలారం పెట్టి, ల్యాప్‌టాప్‌ని ముట్టుకోకుండా వదిలేసి చూడండి. రైలో, పరీక్షో ఉన్న రోజున మాత్రం ఒక మామూలు టేబుల్ గడియారం కూడా పెట్టుకోండి. మా చెల్లెలు ఇప్పుడు అలాగే చేస్తోంది.